ఆదెమ్మ రవ్వ

ఆదెమ్మ షెడ్డు ముందు బాండీ పెట్టి రవ్వ వేయిస్తుంటే, ఆ దారికి కొత్తవాళ్లు ఉప్మా అమ్ముతోందనుకుని బండి ఆపుతారు. ఆపినవాళ్లకి ఆమె గరిటెతో కాస్త తీసి చూపిస్తుంది. అది బొంబాయి రవ్వ కాదు, గాజు రవ్వ. రోడ్డు మీద తెల్లగీతలు గీసేవాళ్లు, లైటు పడితే మెరవాలని రంగు మీద చల్లే సన్నటి గాజుపూసలు. వాటిని చెమ్మ లేకుండా వేయించి, చల్లార్చి, జల్లించి, లారీ ముందు టైర్లలో అరసోల చొప్పున పోసి గాలి నింపితే చాలు. బండి పరుగెత్తేటప్పుడు ఆ రవ్వ టైరు లోపల తనంతట తనే తిరిగి, ఎటు బరువు తక్కువైతే అటు చేరి సర్దుకుంటుంది. చక్రం ఊగదు, స్టీరింగ్ వణకదు, టైరు గుంటలు పడి అరగదు. సత్తెనపల్లి రోడ్డు మీద మిర్చి తోలే డ్రైవర్లు దానికి ఆదెమ్మ రవ్వ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆదెమ్మ పైకి విసుక్కునేది గానీ, లోపల ఎంత పొంగిపోయేదో ఆమె మొగుడు ప్రేమదాసుకి బాగా తెలుసు.

ఆ సోమవారం పొద్దున కూడా ఆమె గరిట తిప్పుతూనే ఉంది. ప్రేమదాసు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చల్లారిన రవ్వ జల్లిస్తున్నాడు. జనవరి నెలాఖరు. పది రోజుల కింద పట్టిన ముసురు వదిలింది. రైతులు కప్పిన పట్టాలు తీసి మిరపకాయని మళ్లీ కళ్ళాల్లో ఎండబెట్టుకుంటున్నారు. గాలి ఎటు మళ్లితే అటు ఘాటు. పీరు తోలే లారీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. పీరు దిగలేదు. అవతలి తలుపు తీసుకుని ఓనరు అంకమ్మరావు దిగాడు. ఎనిమిది లారీల ఆసామి టైర్ల షెడ్డుకి స్వయంగా రావడం ఎన్నడూ లేదు. ఆదెమ్మ బాండీ దించి లేచి నిలబడింది.

"ఏం పోశావమ్మా నా బండిలో?" అన్నాడాయన, పలకరింపైనా లేకుండా.

"రవ్వండీ. అన్ని బళ్లలో పోసిందే."

"యాభై దాటితే స్టీరింగ్ చేతిలో నిలబడట్లా. నిన్న యార్డు నించి వస్తా నేనే చూశా. కూర్చున్నోడికి పళ్లు టకటకా కొట్టుకుంటన్నయ్."

"పోసి మూణ్ణెల్లయిందండి. మూణ్ణెల్లు లేని ఊపు ఇప్పుడెందుకొచ్చిందో చూడాలిగా. అరగంట ఆగండి, జాకీ ఎత్తి చూస్తాను."

"నువ్వు చూసేదేం లేదు. గుంటూరులో చక్రాల బరువు సరిచూసే కంప్యూటర్ మిషను పెట్టారు. అనిల్ కుమార్ అని, ఇంజనీరింగ్ చదివిన కుర్రోడు. టైర్లో రవ్వ పోశారంటే పడీ పడీ నవ్వాడు. లారీ తోలుతున్నారా, టిఫిన్ సెంటరు నడుపుతున్నారా అన్నాడు."

ఆదెమ్మ చేతులకంటిన గాజుపొడి చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది. "బండి మీది, మీ ఇష్టం. నా పనిలో తప్పుందని తేలితే అనండి, పడతాను. తేలకముందే మాటనబాకండి."

అంకమ్మరావు అప్పటికే లారీ ఎక్కేశాడు. పీరు మాత్రం ఇంజను స్టార్ట్ చేస్తూ ఆమె వంక ఒకసారి చూశాడు. తల పక్కకి తిప్పుకున్నాడు.

అనొద్దన్న మాట అనకుండా ఉంటే ఆయన అంకమ్మరావు ఎందుకవుతాడు? షెడ్డుకి అరమైలు అవతల కాటా ఉంది. మిర్చి లారీలన్నీ అక్కడ తూకం వేయించుకున్నాకే గుంటూరు యార్డుకి పోతాయి. తూకం లైనులో నిలబడ్డ డ్రైవర్లకి గురవమ్మ టీ కొట్టే కచేరీసావిడి. అక్కడ ఎవరి నోట్లోంచి ఏ మాట జారినా పొద్దుగూకేలోపు నరసరావుపేట దాకా పాకుతుంది. మంగళవారం మధ్యాహ్నానికే ఆ మాట తిరిగి ఆదెమ్మ చెవిన పడింది. "రవ్వా లేదు బొగ్గూ లేదు, అదంతా గారడీ. ఆడమనిషి చేతికి లారీ చక్రం అప్పజెప్పాను చూడు, నా బుద్ధితక్కువ" అన్నాడట అంకమ్మరావు, ఇరవైమంది డ్రైవర్ల మధ్యలో నిలబడి.

ఆ రోజు రావలసిన రెండు లారీలు రాలేదు. ఒకటి షెడ్డు ముందు నుంచే వెళ్లింది. దాన్ని తోలుతున్న యలమంద ముసలాడు, ఆదెమ్మ చేతి పని ఆరేళ్లుగా ఎరిగినవాడు, హారనైనా కొట్టకుండా నేరుగా చూసుకుంటూ పోయాడు.

ఆదెమ్మ డిస్కు నుంచి ఊడదీయాల్సిన పాత టైరు ఒకటి ముందేసుకుంది. లివరు పెట్టి, సమ్మెట తీసుకుని, ఎడాపెడా వాయించింది. నాలుగు దెబ్బలకి ఊడే టైరు రెండు దెబ్బలకే ఊడింది. అయినా ఆమె ఆపలేదు.

"ఊడిందే, ఇంక కొట్టమాక," అన్నాడు ప్రేమదాసు. "ఓర్చుకో. ఓర్చుకున్నవాళ్లకి..."

"ఆ ప్రసంగం ఆదివారం చెప్పు, చర్చిలో కూర్చుని వింటా."

"ఆయనకి నోరెక్కువని ఊరంతా ఎరుగుదురు గదే."

"నోరు ఆయనదే, చేతులు నావి గదయ్యా! నేను బరువు సరిచేసిన చక్రం ఊగిందని ఈ రోడ్డు మీద ఇంతకాలంలో ఒక్కడన్నా అన్నాడా? పైగా ఆడమనిషంట. చక్రానికేమన్నా కళ్లున్నయ్యా, తిప్పేది ఆడో మగో చూసుకోటానికి?" ఆమె సమ్మెట అక్కడే పడేసి వెళ్లి మొహం కడుక్కుంది. ఆమెకి ఏడుపు రాలేదు. అవమానం వచ్చింది, అది ఏడుపు కన్నా చేదు.

బుధవారం ఎండ నడినెత్తికొచ్చే వేళకి పీరు ఖాళీ లారీతో ఒక్కడే వచ్చాడు. షెడ్డు ముందు కాకుండా, రోడ్డు మీది వాళ్లకి కనపడకుండా వెనకవైపు తిప్పి పెట్టాడు.

"అక్కా, ఓనరికి చెప్పకుండా వచ్చా. ఒకసారి చూడు," అన్నాడు.

"మిషను చూసిందిగా, నేను చూసేదేముంది?" అంది గానీ, ఆదెమ్మ కళ్లు అప్పటికే ముందు చక్రాల మీద ఉన్నాయి.

పీరు చెప్పుకొచ్చాడు. మంగళవారం అనిల్ కుమార్ ఊపు ఎడమవైపు నుంచే వస్తోందన్నాడు. ఆ టైరు ఊడదీసి, రవ్వంతా బేసిన్లోకి ఒంపి, పనివాళ్లందరినీ పిలిచి చూపించాడు. చక్రాన్ని మిషనుకెక్కించి తిప్పి, డిస్కు అంచుకి సీసం ముక్కలు రెండు కొట్టాడు. తెర మీద సున్నా, సున్నా పడింది. ఈలోగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తాలని ఫోన్ మీద ఫోన్ వస్తుంటే కుడి చక్రం గురువారం చూద్దామని పంపించేశారు. తీరా చూస్తే ఊపు తగ్గకపోగా ఇంకా పెరిగింది. మిషను సున్నా అన్నాక తప్పు బండిదెలా అవుతుంది? తోలేవాడిదే అయింది.

"పద్నాలుగేళ్ల నించి తోలుతున్నా గదక్కా. ఇప్పుడు నా తోలుడు బాలేదంట. రేపటికి తేలకపోతే ఇంకో డ్రైవర్ని చూసుకుంటాడంట."

ఆదెమ్మ కొంగు నడుముకి దోపుకుంది. ప్రేమదాసు జాకీ పెట్టి ఎడమవైపు ఎత్తాడు. ఆమె బ్రేకు వదులు చేసి, చక్రం నిమ్మళంగా తిరుగుతోందని రూఢి చేసుకుని, రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. చక్రం తిరిగి తిరిగి, నెమ్మదించి, ఒక్క క్షణం వెనక్కి ఊగి ఆగింది. అడుగున ఉన్నచోట సుద్దముక్కతో గీత పెట్టింది. మళ్లీ తోసింది. గీత మళ్లీ అడుగుకే వచ్చింది. మూడోసారీ అంతే. బరువులో తేడా లేని చక్రం ఎక్కడ పడితే అక్కడ ఆగాలి గానీ, ఒకేచోట ఎందుకాగుతుంది?

"నట్లు తియ్యి," అంది మొగుడితో.

చక్రం మొత్తం ఊడదీసి పక్కన పెట్టారు. ఇప్పుడు ఇరుసుకి మిగిలింది బ్రేకు డ్రమ్ము ఒక్కటే. దాన్ని తిప్పింది. ఆ ఇనప డ్రమ్ము తూలుకుంటూ తిరిగి, ఒకవైపు కిందికి దిగి నిలిచింది. ఎన్నిసార్లు తిప్పినా అదే వైపు. ఆమె డ్రమ్ము అంచు చుట్టూ బొటనవేలు, చూపుడువేలు పట్టి నడిపించింది. ఆ వైపు పోత మందంగా ఉంది, వేళ్లకే తెలుస్తోంది.

"ఇది ఎప్పుడు మార్చార్రా పీరూ?"

"నాలుగు నెల్లవుద్దక్కా. చవకలో వచ్చిందని ఓనరే తెచ్చాడు."

ఆదెమ్మ ముఖం విప్పారింది. "అదీ సంగతి! చక్రాన్ని విడిగా మిషనుకెక్కిస్తే సున్నా కాక ఏమవుద్ది? రోడ్డు మీద చక్రం ఒక్కటే తిరుగుద్దా? దాంతోపాటు ఈ డ్రమ్మూ తిరుగుద్ది. అందుకే నేను చక్రం బండికుండగానే బరువు చూస్తా. మిషను చెప్పింది అబద్ధం కాదు, వాళ్లే అడగాల్సింది అడగలా. అంతే!"

పీరు అక్కడికక్కడే అంకమ్మరావుకి ఫోన్ చేశాడు. ఫోన్లో అరుపులు బయటికి వినిపించాయి. చివరికి, పొద్దున్నే అనిల్ కుమార్‌ని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. పీరు హాయిగా వెళ్లి లారీ తొట్టిలో నీడన పడుకుని నిద్రపోయాడు. ప్రేమదాసైతే పెళ్లివారింటి పెద్దలా షెడ్డంతా కలియదిరిగాడు. దారిన పోయే ఇద్దరు ముగ్గురిని ఆపి డ్రమ్ము కథ చెప్పాడు కూడా.

అన్నానికి కూర్చున్నాక ఆదెమ్మ గోంగూర కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"ఏమైందే?"

"డ్రమ్ము నాలుగు నెల్ల కిందట మార్చారు. రవ్వ మూణ్ణెల్ల కింద పోశాను. అంటే వంకర డ్రమ్ముని నా రవ్వే కాసింది ఇన్నాళ్లూ."

"మరి! అదే గదా నీ గొప్ప."

"అది కాదయ్యా. ఎడమ చక్రంలో రవ్వ మంగళవారం దాకా ఉంది. పొడిపొడిగా, బేసిన్లోకి ఒంపితే ఒలికిపోయిందని పీరే చెప్పాడు. మరి సోమవారానికి ముందే బండి ఎందుకూగింది?"

ఆమె ముద్ద కంచంలో వదిలేసి, చేయి కడుక్కుని లేచింది.

కుడి చక్రం దించారు. గాలి తీసి, టైరు ఒకవైపు అంచు పైకి లేపి, ఆదెమ్మ మోచేతి దాకా చేయి పెట్టి లోపల తడిమింది. గలగల జారాల్సిన రవ్వ జారలేదు. టైరు గోడకి అట్టకట్టి అంటుకుని ఉంది. గోటితో గీకితే అరచేయంత పెళ్ల ఊడి వచ్చింది. తడిసి, గట్టిపడి, పాకం ముదిరిన కొబ్బరుండలా ఉంది.

ఆమెకి వెంటనే అంతా గుర్తొచ్చింది. ముసురు పట్టిన వారంలో ఈ టైరే పంక్చరైంది. చినుకుల్లోనే ఊడదీసి, అతుకు వేసి, అదే రవ్వ మళ్లీ పోసి, గాలి కొట్టి పంపింది. రవ్వ అప్పుడూ వేయించింది, జల్లించింది, అన్నీ చేసింది. ఇప్పుడు కంప్రెసర్ దగ్గరికి వెళ్లి గాలి ట్యాంకు అడుగున ఉన్న నట్టు వదులు చేసింది. బుస్సుమంటూ తుప్పురంగు నీళ్లు కాళ్ల మీదికి చిమ్మాయి. కింద పెట్టిన ముంత నిండి పొర్లింది. ముసురు గాలిలోని చెమ్మంతా ట్యాంకులో నీరై కూర్చుంది. రోజూ తీయాల్సిన నీళ్లని ముసురు పట్టిన దగ్గర్నించీ ఆమె తీయలేదు. గాలితో పాటు నీళ్లు కూడా టైరులోకే కొట్టింది.

అంటే అంకమ్మరావు అన్న మాట నిజమే. ఊపు ఆమె పని వల్లే వచ్చింది.

ప్రేమదాసు పెళ్లని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూశాడు. లారీ తొట్టి వైపు చూశాడు. పీరు గురక వినిపిస్తోంది. "ఇదెవరు చూశారే?" అన్నాడు మెల్లగా. "డ్రమ్ము తప్పు కళ్లెదురుగా ఉంది. రేపు ఆయన వచ్చి ఒప్పుకుంటాడు. కొత్త రవ్వ పోసి బిగించెయ్. ఊపు పోద్ది, అందరూ బాగుంటారు."

"నేను చూశాను గదయ్యా."

"నువ్వు చూస్తే ఏంటంట?"

"నేను చూసింతర్వాత ఇంకెవరు చూడాలి?" అంది ఆదెమ్మ. ఆ పెళ్లని కాగితంలో చుట్టి బొడ్లో దోపుకుంది.

సాయంత్రానికల్లా కొత్త రవ్వ వేయించింది. కుడి టైరు లోపలంతా పొడిగుడ్డతో తుడిచి పోసింది. ట్యాంకు మళ్లీ ఖాళీ చేసి, గొట్టంలోంచి వచ్చే గాలిని చెంపకి తగిలించుకుని చెమ్మ లేదని చూసుకున్నాకే గాలి నింపింది. ఎడమవైపు మాత్రం పొద్దున వచ్చేవాళ్లు చూడాలని విప్పి ఉంచింది.

గురువారం అంకమ్మరావు కారు దిగుతూనే గడియారం చూసుకున్నాడు. అనిల్ కుమార్ సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, బెరుకు లేకుండా ఉన్నాడు. డ్రమ్ము అనగానే నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందండీ."

"మద్దెల నేను వాయించను బాబూ, నువ్వే వాయించు," అని ఆదెమ్మ సుద్దముక్క అతని చేతికిచ్చి పక్కకి జరిగింది.

అతను డ్రమ్ము తిప్పాడు. గీత పెట్టాడు. మళ్లీ తిప్పాడు. మూడోసారికి నవ్వు పోయింది. నాలుగోసారికి చొక్కా చేతులు పైకి మడిచి, నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఐదోసారి తిప్పి, వేళ్లతో మందం చూసి, "మేం చక్రం దించే చూస్తామండీ. దీన్ని అసలు చూడం," అన్నాడు. ఆ మాట అతను అంకమ్మరావుతో కాదు, ఆదెమ్మతో అన్నాడు.

ఆదెమ్మ సీసం ముక్కలు ఊడబీకి, టైరులో అరసోల రవ్వ పోసి గాలి నింపి, చక్రం తేలిక వైపు డ్రమ్ము బరువు వైపు మీదికి వచ్చేలా పెట్టి నట్లు బిగించింది. డ్రమ్ము మాత్రం మార్చి తీరాలని చెప్పింది. అంకమ్మరావు గొంతు సవరించుకున్నాడు. "నేనే తొందరపడ్డాలే ఆదెమ్మా."

"ఇక్కడ కాదండి," అందామె. "కాటా దగ్గర అన్నారు. కాటా దగ్గరే చెప్పండి."

అందరూ లారీ ఎక్కారు. ఇన్నేళ్లలో ఎన్ని వందల చక్రాలు సరిచేసిందో గానీ, ఆదెమ్మ లారీ క్యాబిన్లో కూర్చోవడం అదే మొదటిసారి. పీరు ముందు గుంటూరు వైపు కొంతదూరం తోలాడు. యాభై. అరవై. డెబ్బై. స్టీరింగ్ మీద అతని రెండు వేళ్లు మాత్రమే ఉన్నాయి. అవి కదల్లేదు. కింద చక్రం తిరుగుతున్న సంగతి కూర్చున్నవాళ్లకి తెలియనే లేదు. ఆదెమ్మ కిటికీలోంచి పక్కకి పారిపోతున్న పత్తిచేలు చూస్తూ కూర్చుంది. ఆమె ఒళ్లు గర్వంతో పొంగింది. బొడ్లో కాగితం పొట్లం మాత్రం గుచ్చుకుంటూనే ఉంది. బండి తిప్పుకుని కాటా దగ్గర ఆపారు.

లైనులో పదమూడు లారీలున్నాయి. అంకమ్మరావు టీ కొట్టు ముందు నిలబడి, ఒప్పుకోవలసి వచ్చిన పెద్దమనిషిలా గట్టిగా చెప్పాడు. "ఒరేయ్, అందరూ వినండి. మొన్న ఆదెమ్మ పనిని తప్పుపట్టాను. తప్పు నాది. డ్రమ్ములో ఉంది తేడా. ఆమె రవ్వకి వంక లేదు."

డ్రైవర్లు ఆదెమ్మ వైపు తిరిగారు. ఎవరో ఈల వేశారు. ఆ మాటలు ఆమెకి ఎండలో మజ్జిగలా ఉన్నాయి. ఒక్క గుక్క తాగింది కూడా. తర్వాత ముందుకి అడుగేసింది. వెనకనుంచి ప్రేమదాసు కొంగు పట్టి లాగబోయి, వదిలేశాడు.

"ఆగండి. అది సగమే," అంది. పొట్లం విప్పి, గడ్డకట్టిన రవ్వని అరచేతిలో పెట్టి అందరికీ చూపించింది. "ఎడమవైపు డ్రమ్ము తప్పు. కుడివైపు నాది. ముసురులో ట్యాంకు నీళ్లు తీయకుండా గాలి కొట్టాను. రవ్వ తడిసి ఇట్టా అయింది. మొదట బండి ఊగింది దీనివల్లే. ఇది నా చేతి తప్పు."

టీ పోస్తున్న గురవమ్మ చేయి ఆగిపోయింది. అంకమ్మరావు నోరు తెరిచాడు. "అంటే, సోమవారం నేనన్నది నిజమేగా?"

"ఊగుతోందన్నది నిజమండి. గారడీ అన్నది అబద్ధం. ఆడమనిషి అన్నది దేనికీ సంబంధం లేనిది."

అనిల్ కుమార్ దగ్గరికొచ్చి ఆ పెళ్లని వేళ్లతో నలిపి చూశాడు. "ఆ నీళ్లు రోజూ తీయాలా అమ్మా?" అని అడిగాడు. "మా కంప్రెసర్ కొన్న దగ్గర్నించి ఒక్కసారి కూడా తీయలేదు."

డ్రైవర్లు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆదెమ్మ నవ్వలేదు. చేయాల్సింది చేసేసింది, ఇంక షెడ్డుకి పోవడమే అనుకుంది. రేపు ఎన్ని లారీలొస్తాయో, అసలు వస్తాయో రావో ఆమెకి తెలియదు. చెప్పకుండా ఉండాల్సిందేమోనని మాత్రం ఒక్క క్షణమైనా అనిపించలేదు.

కాటా లైనుకి ఒక లెక్కుంది. సీజన్లో తెల్లారుజామున వచ్చి పెట్టిన లారీని ఎవరూ లైను తప్పించరు. ఒకసారి పక్కకి తీస్తే మళ్లీ చివరికి పోవాల్సిందే, ఆ రోజు యార్డు తప్పిపోయినట్టే. తలనొప్పొచ్చినా, తల్లి పిలిచినా డ్రైవరు లైనులోనే ఉంటాడు. ఇంకో లారీ దిగితే కాటా ఎక్కాల్సింది యలమంద బండే. ముసలాడు టీ గ్లాసు కింద పెట్టి, వెళ్లి లారీ ఎక్కాడు. ఇంజను ఉరిమింది. నిండా టిక్కీలెత్తిన లారీ మెల్లగా వెనక్కి జరిగి, లైనులోంచి బయటికొచ్చి, మొహం ఆదెమ్మ షెడ్డు వైపు తిప్పుకుంది.

"ఎటు పోతన్నావ్ యలమందా? లైను పోద్ది!" ఆదెమ్మ కేకేసింది.

"పోనీలేమ్మా," అన్నాడు యలమంద కిటికీలోంచి. "ముందు చక్రం రెండు రోజుల్నించి వణుకుతోంది. నువ్వు నడిచిరా, నేను పోయి నట్లు వదులు చేస్తా ఉంటా."

ఆదెమ్మ కొంగు నడుముకి దోపుకుని, రోడ్డు మీదికి నడిచింది.